దారం లేని ముక్క

ఆ సొరంగానికి మంచి పేరు లేదు.

విన్నిపెగ్‌లో ఆ పెద్దాసుపత్రికి ఆపరేషన్ల భవనం ఒకవైపు, కోసిన ముక్కల్ని పరీక్షించే పాత భవనం వీధికి అవతల. రెండింటినీ కలుపుతూ నేల కింద సొరంగం. పగలంతా బండ్లు తోసుకుంటూ జనం తిరుగుతూనే ఉంటారు. చీకటి పడ్డాక మాత్రం నర్సులు మోకాళ్ళ లోతు మంచులో పడి వీధైనా దాటుతారు గానీ, అందులో కాలు పెట్టరు.

సరిగ్గా నడిమధ్యన, ఆవిరి గొట్టాలు వంపు తిరిగే చోట... ఒకడు ఉంటాడట.

వాడూ ఒకప్పుడు ఇక్కడికి సర్జరీ నేర్చుకోవడానికి వచ్చినవాడేనట. లివర్ నుంచి పేగులోకి పైత్యరసం తీసుకెళ్ళే నాళానికి క్యాన్సర్ వస్తే, ఆ భాగాన్ని కోసి తీసేస్తారు. తీశాక లోపల మిగిలిన రెండు కొసల నుంచీ చెరో పలుచని ముక్క పరీక్షకి పంపుతారు. పై కొస లివర్ వైపుది, కింది కొస పేగు వైపుది. ఏ కొసలో రోగం మిగిలిందని తేలితే అక్కడ ఇంకాస్త కోస్తారు. వాడు ఆ రెండు ముక్కల్నీ తారుమారు చేశాడట. రోగం ఉన్న కొసని వదిలేసి, లేని కొసని కోశారు. ఆ రోగి మరో చలికాలం చూడలేదు. సంగతి తెలిసిన రోజున వాడు గడ్డకట్టిన ఎర్ర నది మీద నడుచుకుంటూ వెళ్ళాడట... మళ్ళీ ఎవరికీ కనబడలేదు.

అప్పట్నుంచీ ముక్కలు పట్టుకుని ఆ మలుపు దాటేవాళ్ళకి వెనక అడుగులు వినబడతాయి. గొంతు తగ్గించి ఒకే మాట అడుగుతాడు — "ఏ కొస?"

నిజమో అబద్ధమో, నేను విన్నది చెబుతున్నాను.

మార్నీ ఫ్రీసెన్‌కి ఈ కథ మొదటి వారంలోనే చెప్పింది నర్స్ టెస్సీ. టెస్సీ మనీలాలో పుట్టిన మనిషి, దెయ్యాల విషయంలో ఎవరికీ తీసిపోదు. వెనక్కి తిరగొద్దంది. జవాబు అసలే చెప్పొద్దంది. "మీ మెనోనైట్ క్రైస్తవులు దెయ్యాల్ని నమ్మరటగా అమ్మాయ్. దెయ్యాలకా సంగతి తెలీదు మరి, జాగ్రత్త" అంది.

అప్పుడు మార్నీ కడుపు పట్టుకుని నవ్వింది. ఇప్పుడైతే నవ్వు వచ్చేది కాదు. అప్పటికే సర్జన్ అయ్యుండి, లివర్, పాంక్రియాస్ క్యాన్సర్ల ఆపరేషన్లు ప్రత్యేకంగా నేర్చుకోవడానికి వచ్చింది. రెండో ఏడు నడుస్తోంది. ఆ రోగాల దగ్గర గెలుపు తక్కువ. మొదట్లో ఎవరైనా పోతే కారులో కూర్చుని ఏడ్చేది. తర్వాత ఏడుపు ఆగింది. ఆ తర్వాత ఆకలి, నిద్ర, కోపం కూడా ఒకదాని వెనక ఒకటి ఎటో వెళ్ళిపోయాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన, బంగాళదుంప కూరిన పెరోగీలు వేడి చేయకుండానే నమిలేది. చల్లగా ఉన్నాయన్న సంగతి కూడా నాలుకకి పట్టేది కాదు. చేతులు మాత్రం చక్కగా పనిచేసేవి, అందుకే ఎవరూ ఏమీ అడగలేదు.

ఆ రోజు బల్ల మీద ఉన్నాయన పేరు స్టెఫాన్ లుజాక్. స్కూలు బస్సు నడుపుతాడు. మత్తు ఇచ్చే ముందు మార్నీ చెయ్యి పట్టుకున్నాడు. "ఉన్నదంతా ఊడ్చి తీసెయ్యమ్మా. ఇంకోసారి పొట్ట కోయించుకునే ఓపిక నాకు లేదు" అన్నాడు. మార్నీ సరేనంది. మాట ఇచ్చింది కానీ అందులో మనసు లేదు.

పొద్దున మొదలైన ఆపరేషన్ చీకటి పడి చాలాసేపైనా తెమల్లేదు. పెద్ద సర్జన్ డాక్టర్ కెర్ చివరికి రోగం ఉన్న నాళాన్ని తీసి పక్కన పెట్టాడు. తర్వాత కొసల ముక్కలు ఒక్కొక్కటే తీసి ఆమె చేతికిచ్చాడు. పై కొస ముక్కకి నల్లదారం కట్టాలి. కట్టినవాళ్ళే స్వయంగా మోసుకెళ్ళి, ఏది ఏదో నోటితో చెప్పాలి. ఇంకొకరి చేతికిస్తే కెర్ ఊరుకోడు. మార్నీ దారం కట్టింది, రెండు ముక్కలున్న చిన్న గిన్నెకి మూత పెట్టింది.

"పై కొసలో కోయడానికి ఇక పెద్దగా మిగల్లేదు, ఫ్రీసెన్" అన్నాడు కెర్ తలెత్తకుండా. "త్వరగా రా."

వీధి మీదుగా వెళ్ళడానికి లేదు. బయట చలికి ముక్క దారిలోనే గడ్డకడుతుంది, అలా మెల్లమెల్లగా గడ్డకట్టింది పరీక్షకి పనికిరాదు. ఉన్న దారి సొరంగం ఒక్కటే.

మార్నీ మెట్లు దిగింది.

కింద ఎవరూ లేరు. పైన గొట్టాలు టిక్కు టిక్కుమంటున్నాయి. గొట్టాల్లో అంత ఆవిరి పారుతున్నా కింద ఎముకలు కొరికే చలి. పెదాలు మొద్దుబారాయి. గిన్నెని పొట్టకి ఆనించుకుని నడుస్తోంది. భయం వెయ్యలేదు. వెయ్యాల్సిన చోటే కదా అనుకుంది, అయినా వెయ్యలేదు.

మలుపు వచ్చింది.

వెనక అడుగులు...

తన అడుగుల ప్రతిధ్వని అనుకుంది. ఆగింది. అవి ఇంకొక్క అడుగు వేసి ఆగాయి.

"ఏ కొస?"

గుసగుస. చెవి పక్కనే. టెస్సీ చెప్పింది గుర్తొచ్చి మార్నీ నోరు విప్పలేదు. దెయ్యం అంటే ఇదేనన్నమాట అనుకుంది, వానొచ్చిందని అనుకున్నంత తాపీగా. మళ్ళీ నడక సాగించింది.

"ఏ కొస...?"

ఈసారి జవాబు బయటికొచ్చేసింది — "దారం లేనిదే పై కొస."

మార్నీ నిలబడిపోయింది. అదేం జవాబు? దారం ఉన్నదే కదా పై కొస కావాలి!

అప్పుడు గుర్తొచ్చింది. కెర్ ఎప్పుడూ కింది కొస ముందిస్తాడు, పై కొస తర్వాత. ఇక్కడికి వచ్చినప్పట్నుంచీ రెండోసారి చేతికొచ్చిన ముక్కకే దారం కడుతోంది. ఇవాళ కింది కొస దగ్గర రక్తం కారుతుంటే ఆయన అక్కడ గుడ్డ అదిమిపెట్టి, "పైది ముందు తీసుకో" అన్నాడు. చెవిన పడింది, తలకెక్కలేదు. చెయ్యి దానిపాటికది అలవాటు ప్రకారం రెండో ముక్కకే దారం కట్టేసింది.

అంతేనా? నిజంగా అలాగే జరిగిందా, లేక ఈ సొరంగం తన బుర్ర తిప్పుతోందా? దారం విప్పి అవతలి ముక్కకి కట్టేస్తే ఎవరికీ తెలియదు. కానీ గుర్తొచ్చింది తప్పయితే? అటు కన్నంలా తెరిచిన పొట్టతో లుజాక్ పడుకుని ఉన్నాడు. మార్నీ పరిగెత్తింది.

ముక్కలు పరీక్షించే డాక్టర్ బెల్కోర్ ముసలాయన, గదిలో కూడా మఫ్లర్ తియ్యడు. మార్నీ గిన్నె ఆయన ముందు పెట్టి, దారాన్ని నమ్మొద్దని చెప్పింది. రెండూ విడివిడిగా చూడమంది, ఈలోగా ఆపరేషన్ గదికి ఫోన్ చేసింది. టెస్సీ ఫోను కెర్ చెవి దగ్గర పెట్టింది.

"ముందు ఏది ఇచ్చారు డాక్టర్ కెర్?"

"పైది. చెప్పే ఇచ్చాను. ఎందుకు?"

"దారం రెండోదానికి కట్టాను."

కెర్ తిడితే బాగుండుననిపించింది మార్నీకి. ఆయన తిట్టలేదు. "ఏం తేలిందో చెప్పు" అన్నాడు.

బెల్కోర్ మైక్రోస్కోప్ నుంచి తల ఎత్తాడు. దారం కట్టిన ముక్క శుభ్రంగా ఉంది. దారం లేనిదాంట్లో క్యాన్సర్ ఉంది. అంటే రోగం మిగిలింది పై కొసలో. దారాన్ని నమ్మి ఉంటే కింది కొసని ఇంకాస్త కోసి, పైన రోగాన్ని అలాగే ఉంచి, పొట్ట కుట్టేసేవాళ్ళు.

మార్నీ వెనక్కి వెళ్ళింది. కెర్ పై కొసలో మిగిలిన కాస్తలోంచి ఇంకో పలుచని ముక్క తీశాడు. అంతకు మించి తియ్యడానికి లేదు. ఆమె దాన్ని పట్టుకుని మళ్ళీ సొరంగంలో పడింది. మలుపు దగ్గర ఈసారి అడుగులూ లేవు, గుసగుసా లేదు. అదంతా తన బుర్రలోదేనని తేల్చుకుంది. నిద్రలేని మనిషికి ఏం వినబడినా వినబడుతుంది. లోపలెక్కడో దాగిన జ్ఞాపకం గొంతు తెచ్చుకుని మాట్లాడింది, అంతకన్నా ఏముంది?

బెల్కోర్ ముక్కని మిషన్‌లో క్షణాల్లో గడ్డకట్టించాడు, కోశాడు, రంగు వేశాడు. మైక్రోస్కోప్ కింద ఈ చివర నుంచి ఆ చివరదాకా రెండుసార్లు జరిపి చూశాడు.

"శుభ్రంగా ఉంది" అన్నాడు చివరికి. "కెర్‌కి చెప్పు, కుట్టుకోమను."

మార్నీ ఫోన్ పెట్టేసి గోడకి ఆనుకుంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయని చెంప తడిసేదాకా తెలియలేదు. ఏడుపు తన ఒంట్లో ఇంకా ఉందంటే నమ్మబుద్ధి కాలేదు.

ముసలాయన చూడనట్టు నటిస్తూ ఫ్లాస్కులోంచి రెండు కప్పుల్లో టీ పోశాడు. తలుపు పక్కనున్న చిన్న స్పీకర్ పెట్టె వైపు తల ఊపాడు. సొరంగంలో ఒక మైకు ఉందట. ఎవరైనా వస్తున్న చప్పుడు వినబడితే ముక్కని గడ్డకట్టించే మిషన్ సిద్ధం చేసుకోవడానికి పెట్టించుకున్నాడట.

"ఇందాక నువ్వు మొదటిసారి వస్తుంటే విన్నాను. 'ఏ కొస, ఏ కొస' అని ఒకటే అడుగుతున్నావు" అన్నాడు.

మార్నీ కప్పు అందుకోబోతూ ఆగింది. "అడిగింది నేనా?"

"నీ గొంతు నాకు తెలీదా అమ్మాయ్? గుసగుసగానే అడిగావనుకో." బెల్కోర్ ఇంకో కప్పు తీసి బల్ల మీద పెట్టాడు. "దారం లేనిదే పై కొస అని చెప్పాడు చూడూ, ఆ కుర్రాడెవరు? పాపం ఇప్పటిదాకా లోపలికి రానేలేదు. చలిలో నిలబెట్టావేం, పిలువు."

మార్నీ చేతుల మీద వెంట్రుకలు ఒక్కొక్కటే లేచి నిలబడ్డాయి.