నవ్వితే కార్డు రాదు

"గొడుగు బయట పెట్టి రండి! మా కంప్యూటర్‌కి ఈత రాదు."

నెట్ సెంటర్ గుమ్మంలోనే ఆగిపోయింది ఆమె. బయట కుండపోత వాన. వెనకాల చెప్పులు చేత్తో పట్టుకుని నాయనమ్మ.

"కంప్యూటర్‌కి ఈత రాదు, మీకు మర్యాద రాదు. సరిపోయింది జోడీ!"

సెంటర్ నడిపే కుర్రాడు నాలుక కరుచుకుని, గబగబా నాయనమ్మకి కుర్చీ వేశాడు. ఆ ఒక్క పనికి ఆమె కోపం సగం దిగింది. మిగతా సగం అవసరానికి దాచుకుంది.

సంగతేమిటంటే, ఆమెకి సిటీ బస్సు డ్రైవరుగా ఉద్యోగం వచ్చింది. తీరా చూస్తే గుర్తింపు కార్డు గడువు తీరిపోయింది. కొత్తదానికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టి, ఫీజు కట్టిన రసీదు సాయంత్రం నాలుగింటిలోగా డిపోలో చూపించాలి. లేకపోతే స్టీరింగ్ ఇంకొకరి చేతికి పోతుంది. అప్పటికే మూడు దాటింది.

"పొద్దుటి నుంచి ఫోన్‌లో పెడుతున్నా. ఫోటో దగ్గరే ఆగిపోతోంది."

"అంత బస్సు తోలేవారు ఇంత బటన్ దగ్గర ఆగిపోయారా?"

"బస్సు నా మాట వింటుందండీ. మీ సైటే వినదు."

ఫోటోలో వెనక అంతా తెల్లగా ఉండాలట. అతను ఒక దుప్పటి తెచ్చాడు. నాయనమ్మ లేచి రెండు చేతులా ఎత్తి పట్టుకుంది. క్లిక్! అప్‌లోడ్ చేయగానే తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి: ఫోటోలో ఒక్కరే ఉండాలి.

చూస్తే, దుప్పటి పైనుంచి మెడ సాచి నాయనమ్మ!

"మరి నేనూ పడొద్దుటే?" అంది నాయనమ్మ అమాయకంగా.

అంతే, ఆమెకి నవ్వు పుట్టింది. పుట్టిన నవ్వు ఆగలేదు. దుప్పటిని మేకులకి తగిలించి అతను మళ్లీ తీశాడు. నోరు మూసి ఉండాలంది సైటు. మళ్లీ తీశాడు. మళ్లీ అదే మాట.

"నవ్వితే కార్డు రాదండీ!"

"మీరలా మొహం పెడితే నవ్వు రాదా?"

"ఇది నా మామూలు మొహం!"

ఆమె పొట్ట పట్టుకుంది. నవ్వుతూనే గోడ గడియారం చూసింది. మూడున్నర దాటింది, నవ్వు మాత్రం ఆగలేదు.

నాయనమ్మ కళ్లు తుడుచుకుంది. "వీళ్ల తాత పోయాక మా ఇంట్లో ఇలాంటి నవ్వు వినలేదు బాబూ."

అతను కెమెరా సరిచేసుకుంటూ ఉన్నట్టుండి మెల్లగా అన్నాడు.

"ఒక మాట అడగనా? మీరు బస్సు నడిపే మొదటి రోజు, మొదటి స్టాపులో నిలబడతాను. నాకు వెళ్లాల్సిన చోటంటూ ఏమీ లేదు. మీరు నడుపుతుంటే కూర్చోవాలనుంది. ఆపుతారా?"

నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఆమె కళ్లు పెద్దవయ్యాయి.

క్లిక్.

తెర మీద ఆకుపచ్చ టిక్కు పడింది.

"ఓహో! ఫోటో కోసం అన్నారా?"

"ముందు ఫీజు కట్టండి. తర్వాత తీరిగ్గా తిడుదురుగాని."

ఫోన్‌కి వచ్చిన ఓటీపీని ఆమె ఒక్కో అంకె చూసుకుంటూ కొట్టింది. తెర మీద చక్రం తిరిగింది, తిరిగింది. ముగ్గురూ దాని మీదికే వంగారు.

'చెల్లింపు పూర్తయింది.'

నాయనమ్మ చప్పట్లు కొట్టింది. ప్రింటర్ గరగరమంది. అతను రసీదుని ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఆమె చేతికిచ్చాడు.

"పరిగెత్తండి! నాయనమ్మ నా దగ్గర భద్రం."

గొడుగు కూడా మరిచిపోయి ఆమె వానలోకి దూకింది. డిపో గుమస్తా గడియారం వంక చూశాడు, ముద్దయిన ఆమె వంక చూశాడు, పొడిగా ఉన్న రసీదు వంక చూసి టపీమని ముద్ర కొట్టాడు.

మొదటి రోజు కూడా వానే. మొదటి స్టాపులో అతను నిలబడి ఉన్నాడు, ఆమె మరిచిపోయిన గొడుగుతో.

ఆమె బ్రేకు వేసి తలుపు తెరిచింది. "ఫోటో కోసం కాదన్నమాట."

"ఫోటో కోసమే అయితే షాపు మూసుకుని ఈ వానలో నిలబడతానా?"

"ఎక్కడికి పోవాలి?"

"మీరు ఎక్కడికి తీసుకెళితే అక్కడికి."

ముందు సీట్లో దర్జాగా కూర్చున్న నాయనమ్మ పక్కకి జరిగింది. "ఇలా కూర్చో బాబూ. సాయంత్రం మా స్టాపులోనే దిగుదువుగాని. ఇల్లు చూడాలిగా!"

కార్డులో ఆమె మొహం చూసిన వాళ్లంతా, ఏమిటమ్మా అంత సీరియస్‌గా ఉన్నావని ఇప్పటికీ అడుగుతారు. ఆమె చెప్పదు.

ఆ రోజు మాత్రం ముందు దారంతా ఖాళీగా ఉన్నా, గట్టిగా హారన్ కొట్టి మరీ బస్సు కదిలించింది.