లస్మయ్య లైబ్రరీలో ఎర్రగీత

మీలో ఎవరైనా లైబ్రరీ పుస్తకం తెచ్చుకుని, తిరిగివ్వకుండా దాచుకున్నారా? నిజం చెప్పండి. బంటీ, నేలచూపులు చూడకు.

సరే, చెప్పకపోతే మానె. ఈ మైదా జిగురు చల్లారేదాకా నాకు పనిలేదు. అందాకా ఒక కథ చెప్తాను. మీ శ్రావణి అక్క నాకు ఎలా చెప్పిందో అలాగే చెప్తాను. మధ్యలో ప్రశ్నలు వద్దు, చివర్లో అడగండి.

మన పదకొండో గల్లీలో, గేటు పక్కన ఇస్త్రీ బండి ఉండే చాల్, ఆ వరసగదుల పాత భవనం, తెలుసు కదా. దాని రెండో అంతస్తులో, అదే రెండో మాలా మీద, పొడుగాటి గ్యాలరీ వరండా చివర, మూసి ఉండే ఒంటిగది ఖోలీ ఒకటుంది. తలుపు మీద 'శ్రమజీవి తెలుగు వాచనాలయం' అని బోర్డు. బోర్డు మీది అక్షరాలు సగం రాలిపోయాయి. దాని చెడ్డపేరులో మాత్రం ఒక్క అక్షరం కూడా రాలలేదు.

లస్మయ్య అనే ఆయన నలభై ఏళ్లు ఆ వాచనాలయం నడిపాడు. పగలు గోడలకు సున్నాలు వేసేవాడు, సాయంత్రం పుస్తకాలు ఇచ్చేవాడు. ఆరేళ్ల కింద ఒక రాత్రి ఆ కుర్చీలోనే... ఒళ్లో రిజిస్టర్, చేతిలో పెన్ను... అలాగే పోయాడు.

అప్పటినుంచి చీకటి పడ్డాక ఆ తలుపు ముందు నుంచి ఎవరైనా పోతే, లోపలినుంచి దగ్గు వినిపిస్తుందని చెప్పుకునేవాళ్లు. ఆ తర్వాత మెల్లగా ఒక మాట — "పుస్తకం ఏదీ?"

ఇక్కడొక సంగతి గమనించాలి. ఆ దగ్గు విన్నవాళ్ల పేర్లన్నీ వరుసగా రాస్తే, ఒక్కరు కూడా తప్పిపోకుండా, పుస్తకం తీసుకుని తిరిగివ్వని వాళ్ల జాబితా తయారవుతుంది. పుస్తకాలు తిరిగిచ్చిన వాళ్లకు ఆ గ్యాలరీ ఎప్పుడూ నిశ్శబ్దమే.

శ్రావణి ఆ ఖోలీలోకి పోవాల్సి వచ్చింది.

ఆ పిల్ల లైబ్రరీ సైన్స్ చదువుతుండేది. పుస్తకాల దుమ్ము దులిపే చదువని నవ్వకండి. అది పుస్తకానికి చిరునామా రాసే చదువు. పోస్ట్‌మాన్‌కు గల్లీ నంబరు, బిల్డింగ్, మాలా, ఖోలీ చెప్తే మనిషి దొరికినట్టు, 894.827 అంటే తెలుగు సాహిత్యం దొరుకుతుంది. ఏ పుస్తకం ఎవరి పక్కన కూర్చోవాలో కూడా ఆ నంబరే చెప్తుంది.

ప్రాక్టికల్‌లో ఆమె ఒకసారి తప్పింది. ఈసారి ఆరు వందల పుస్తకాలకు నంబర్లు వేసి, వరుసలో సర్ది చూపించాలి. శనివారం పొద్దున కాలేజీ నుంచి సీమా మేడం వచ్చి చూస్తుంది. వాళ్లమ్మ ముందే చెప్పేసింది:

"శనివారానికి పుస్తకాలు వాటి జాగల లేకుంటే, సోమవారానికి నీ జాగ ఫాక్‌లాండ్ రోడ్డు మీద మీ మామ బ్లౌజుపీసుల దుకాణంల ఉంది. ఇగ సదువు మాటెత్తకు."

చాల్ కమిటీ వాళ్లు తాళంచెవి చేతిలో పెట్టి, గ్యాలరీ సగందాకా తోడొచ్చి, అక్కడినుంచి వెనక్కి తిరిగారు.

ఐదు రోజులు శ్రావణి పొద్దున పదికి వచ్చి సాయంత్రం ఏడుకు పోయింది. దుమ్ముకు తుమ్మింది, నంబర్ల చీటీలు అంటించింది. దగ్గు లేదు, ఏమీ లేదు. ఆరో రోజు సర్దడం మొదలుపెట్టింది. నిఘంటువులు, ఏళ్లనాటి వారపత్రికల బైండ్లు — ఒక్కోటి పొత్రమంత బరువు. రిఫరెన్స్ పుస్తకాలు గుమ్మంలోకి రాగానే కళ్లపడాలని ఆమె నోట్సులో ఉంది. అందుకని ర్యాకును ఈడ్చి ఖోలీ నడిమధ్యలో పెట్టి, ఆ బరువంతా దాంట్లోకి ఎక్కించింది. నడుం పట్టేసింది. అయినా తృప్తిగా తాళం వేసి ఇంటికి పోయింది.

పొద్దున వచ్చి చూస్తే...

నడిమి ర్యాకు ఖాళీ. పెద్ద పుస్తకాలన్నీ గోడల వెంబడి, అంచు కలిపి, దారం పట్టి పేర్చినట్టు ఉన్నాయి. బల్ల మీద లస్మయ్య రిజిస్టర్ తెరిచి ఉంది.

తాళం వేసింది వేసినట్టే ఉంది.

శ్రావణి మళ్లీ మోసింది, మళ్లీ ఎక్కించింది, ఇంటికి పోయింది. ఎనిమిదో రోజు పొద్దున ర్యాకు మళ్లీ ఖాళీ. రిజిస్టర్ మళ్లీ అదే పేజీ దగ్గర తెరిచి ఉంది. పైగా ఈసారి నేల మీద, ఈ గోడ నుంచి ఆ గోడదాకా — ఒక ఎర్రటి గీత. కొలబద్ద పెట్టి గీసినంత సూటిగా. రెండు చివర్లా రెండు ఇంటూ గుర్తులు.

పక్క ఖోలీ రాములమ్మ గుమ్మం అవతల నిలబడే మెడ సాచి చూసింది. ఆమె పూలమాలలు కట్టి అమ్ముతుంది. ఉచిత సలహాలు వాటితో పాటే.

"కుంకుమ గీత. ఇగ అయిపాయె" అంది చల్లగా. "ఏమే శ్రావణీ, లస్మయ్యను నువ్వు పనిల పెట్టుకున్నవా, నిన్నే ఆయన పెట్టుకున్నడా?"

"అత్తా, నీ తాన ఏమన్న పుస్తకం ఉందా?"

రాములమ్మ కాసేపు పూలు చూసుకుంది. "ఒక్క వంటల పుస్తకం ఉంది. దాని మీద వేడి గిన్నె దించుతున్న, గంతే. గంత దానికే పానం తీస్తడా?"

ఇంకొకరైతే ఇంటికి పోయేవాళ్లే. శ్రావణి కళ్ల ముందు మాత్రం దెయ్యం కన్నా బ్లౌజుపీసులు ఎక్కువ కనిపించాయి. పుస్తకాలు మూడోసారి ఎక్కించింది. రిజిస్టర్ బల్ల సొరుగులో పెట్టి తాళం వేసి, ఆ తాళంచెవి మెడలో గొలుసుకు వేసుకుంది. ఆ రోజు శుక్రవారం; రాత్రి ఇంటికి పోలేదు. లోపలినుంచి తలుపు తాళం వేసుకుని, లైటు తీసేసి, బల్ల కింద దూరి కూర్చుంది. ఆయుధంగా ఒక ఇనుప స్కేలు పెట్టుకుంది.

పదకొండు... పన్నెండు...

గల్లీలో ఆఖరి చాయ్ బండి చప్పుడు కూడా పోయింది. ఒంటిగంట దాటాక కింద ఎక్కడో తలుపు కిర్రుమంది. ఆ వెనకే చెక్కమెట్ల మీద అడుగులు. ఒక్కో మెట్టూ మూలిగి మూలిగి ఊరుకుంటోంది. గ్యాలరీలో అడుగులు దగ్గరపడ్డాయి... తలుపు ముందు ఆగాయి...

ఒక దగ్గు.

తాళంలో చెవి తిరిగింది. దెయ్యానికి తాళంచెవి ఎందుకని మీకు తట్టింది కదా? బల్ల కింద కూర్చుంటే మీకూ తట్టేది కాదు.

తలుపు తెరుచుకుంది. వీధిలైటు వెలుతురులో ఒక మనిషి. తల తెల్లన, మీసం తెల్లన, చేతులు, చొక్కా, కాళ్లు అన్నీ తెల్లన. ఆ ఆకారం నేరుగా నడిమి ర్యాకు దగ్గరికి పోయింది. ఎర్రగీత తొక్కకుండా ఇటుపక్క నిలబడి, ఒక్కో బైండు తీసి గోడవారగా పెడుతోంది. చప్పుడు చేయకుండా. నిద్రపోతున్న పిల్లల్ని జరిపినట్టు.

శ్రావణి బల్ల కిందినుంచే గుసగుసగా అంది — "లస్మయ్య తాతా... రేపొక్క రోజు వదిలెయ్. మేడం చూసి పోయినంక నీ ఇష్టమున్నట్టు సర్దుకో..."

ఆకారం చేతిలోని బైండు జారి దభాలున పడింది.

ఆ వెంటనే కింది మాలా నుంచి ఏదో విరిగిన చప్పుడు, స్టీలు పళ్లెం దొర్లిన చప్పుడు.

"పాయె" అంది ఆకారం దిగులుగా. "నా బువ్వల పడ్డది." తర్వాత బల్ల కిందికి వంగి, అంతకంటే సన్నగా అడిగింది, "నువ్వెవ్వరివి బిడ్డా... మనిషివేనా?"

అతను కింది ఖోలీ రాములు. ముసలి మేస్త్రీ. ధారావిలో ఒక కార్ఖానా మరమ్మత్తుకు పొద్దున తొమ్మిదికి పోతే రాత్రి ఒంటిగంటకు, ఒళ్లంతా సున్నం, సిమెంటు దుమ్ముతో వస్తాడు. లస్మయ్య అతని స్నేహితుడు. వానకు ఖోలీ కారితే చూడమని రెండో తాళంచెవి ఆయనే ఇచ్చి ఉంచాడు.

రాములు ఆమెను కిందికి తీసుకుపోయి లైటు వేశాడు. మంచం మూలకు జరిపి ఉంది. పైకప్పు నడుమ చెక్క దూలం చెదలు తిని, తడిసి, కడుపుతో ఉన్న మనిషిలా కిందికి దిగి ఉంది. దాని కింద పళ్లెంలో జొన్నరొట్టె, రొట్టె మీద చెయ్యంత సున్నం పెచ్చు.

"మూడు రోజుల సంది నా నెత్తి మీద బరువెక్కిస్తున్నది ఎవ్వరని చూస్తున్న" అన్నాడు. "పగలు నేనుండ, రాత్రి నువ్వుండవు. చీటీ రాసి పెడదమంటే నాకు సదువు రాదు. అందుకే ఎర్రజాజు పూసిన దారం లాగి కొట్టి గీతతోని చెప్పిన, ఈ గీత కింద దూలం పోయింది, ఈడ బరువు పెట్టద్దని. ఏ కూలోన్నడిగినా చెప్తడు. ఇన్ని సదివినవు, గంత సక్కటి గీత సదవరాలేదా?"

ఆ తొమ్మిది రోజుల్లో శ్రావణికి మార్కులు పోయింది అక్కడే, నన్నడిగితే.

తర్వాత తెల్లవారేదాకా ఇద్దరూ పైకెక్కి పనిచేశారు. రాములు పిడికిలితో గోడలు కొట్టి చూశాడు. "ఇది మోసే గోడ. ఇది ఉత్త అడ్డం గోడ, దీన్ని నమ్మకు." ఆమె నంబర్లు చదివింది, అతను మోశాడు. నంబర్ల వరుస తప్పలేదు, ఖోలీ చుట్టూ గోడల వెంబడి తిరిగి వచ్చింది. నడుమ జాగా అంతా ఖాళీ.

కిటికీలో వెలుగు వచ్చాక శ్రావణి నవ్వుతూ అంది, "పుస్తకాలంటే సరే గాని తాతా, ఆ రిజిస్టర్ ఎందుకు తెరిచి పెట్టినవ్ రోజూ? నన్ను భయపెట్టనీకేనా?"

"ఏం రిజిస్టరు?"

"గదే, ఈ బల్ల మీద—"

అంటూ బల్ల వైపు తిరిగి, ఆగిపోయింది.

రాత్రి సొరుగులో పెట్టి తాళం వేసిన రిజిస్టర్ బల్ల మీద తెరిచి ఉంది. అదే పేజీ. సొరుగు తాళం వేసే ఉంది. మెడలో గొలుసుకు తాళంచెవి ఉంది.

"నేనైతే దాన్ని ముట్టలే" అన్నాడు రాములు, నెమ్మదిగా గుమ్మం వైపు జరుగుతూ. "సదువు రానోనికి రిజిస్టరుతోని ఏం పని బిడ్డా..."

సీమా మేడం పదింటికి వచ్చింది. అంతా చూసి, రిఫరెన్స్ ర్యాకు మధ్యలో ఎందుకు పెట్టలేదని మరాఠీలో గట్టిగానే అడిగింది. శ్రావణి ఎర్రగీత చూపించి, దాని కింద ఏముందో చెప్పింది. మేడం అప్పుడు సరిగ్గా గీత మీదే నిలబడి ఉంది. ఒక్క గంతులో గోడ దగ్గరికి చేరి, మిగతా ప్రశ్నలన్నీ అక్కడినుంచే అడిగి, మంచి మార్కులే వేసి పోయింది. శ్రావణి ఆ దూలం ఫొటో కూడా ప్రాజెక్టులో పెట్టడంతో కమిటీ వాళ్లు కదిలి ఒక ఇనుప స్తంభం నిలబెట్టారు. ఇప్పుడామె ఒక కాలేజీ లైబ్రరీలో ఉద్యోగం చేస్తూ, ఆదివారాలు వచ్చి వాచనాలయం తెరుస్తుంది. రాములమ్మ వంటల పుస్తకం వచ్చేసింది, గిన్నె మచ్చతో సహా.

రిజిస్టర్ మాత్రం ఇప్పటికీ... ప్రతి ఆదివారం ఆమె తలుపు తీసేసరికి అదే పేజీ దగ్గర తెరిచి ఉంటుంది. ఆ పేజీలో అందరి పేర్ల ఎదుటా తిరిగిచ్చిన తేదీ ఉంది. ఒక్కరికి లేదు. 'మంగళ టీచర్, మున్సిపల్ స్కూలు. వ్యాకరణం పుస్తకం. 1991 జూన్.'

ఏమిటి బంటీ?

"మంగళ టీచర్ అంటే నువ్వే గదా అవ్వా?"

చూశారా, ఈ ఏడాదిలో వీడు ఒక ప్రశ్నకు సరైన జవాబు చెప్పాడు. అవును, నేనే. దొంగతనం కాదు, మర్చిపోయాను. ముప్పై ఏళ్లకు పైగా విడవకుండా మర్చిపోతూనే వచ్చాను.

జిగురు చల్లారింది. ఈ వ్యాకరణం పుస్తకానికి అట్ట ఇంకా అతికించనే లేదు. రేపు ఆదివారం, వాచనాలయం తెరుస్తారు. మీరు పడుకోండి, నేను ఈ పని ముగించుకుంటాను. లైటు ఎవరూ తీయకండి... ఇందాక గ్యాలరీలో దగ్గింది పక్కింటి ఆయనే అయ్యుంటాడు.