ఓడిన రోజు పులుసు

గుడ్లకు గాట్లు పెట్టలేదని రుత్విక్ పొద్దున్నే గొడవకు దిగాడు.

రాత్రి భోజనంలోకి పులుసు కావాలన్నది ఆయనే. భార్య హాసిని గుడ్లు ఉడికించి, పెంకు ఒలిచి, సగానికి కోసి పళ్ళెంలో పెట్టింది. పాత రోజుల్లో గుడ్డు గుడ్డుగానే ఉండేదనీ, చుట్టూ గాట్లు పెట్టి వేసేవారనీ, అప్పుడే చింతపండు లోపలిదాకా దిగుతుందనీ ఆయన వాదన. ఎలా కోసినా పడేది ఆ పులుసులోనే కదా అంది ఆమె. ఆయన ఇంకేదో అన్నాడు కానీ ఆమెకు ఎడమవైపు నిలబడి అనడం వల్ల వినిపించలేదు.

"చెవిటిదానికి ఏం చెప్పినా గోడకు చెప్పినట్టే," అన్నాడు, ఈసారి కుడివైపుకు వచ్చి.

హాసిని కోసిన గుడ్లను పక్కకు జరిపి మరికొన్ని గుడ్లు పొయ్యి మీద పెట్టింది. ఈ వయసులో గుడ్ల కోసం పంతాలేమిటని అనుకుంది. ఆయనకు మాత్రం అది పంతం కాదు. నుదుటికి అప్పటికే తలపుపట్టీ కట్టుకుని ఉన్నాడు. సాయంత్రం తలపుశాలకు వెళ్ళేవాళ్ళు పొద్దుటినుంచీ పట్టీ కట్టుకుంటే పాత సంగతులు తేటగా కనిపిస్తాయని ఒక నమ్మకం. అది నిజం కాదని అక్కడే పనిచేసే కూతురు ఓజస్వి ఎన్నిసార్లు చెప్పినా ఆయన వినలేదు.

నగరమంతా ఇప్పుడు తలపుశాలలే. మూసేసిన సినిమా హాళ్ళు, పూడ్చేసిన చెరువులు, పడగొట్టిన బడులు, అన్నీ వాటిలో బతికే ఉన్నాయి. ఒక చోటును ఎరిగినవాళ్ళందరి జ్ఞాపకాలనూ పట్టీలతో తోడి, ఒకదాని మీద ఒకటి పరిచి, అందరికీ సరిపోయే ఒక్క ఉమ్మడి తలపుగా కూరుస్తారు. ఎవరు పట్టీ కట్టుకుని కూర్చున్నా ఆ చోటులోకి నడిచి వెళ్ళవచ్చు. పోయినవాటిని మళ్ళీ చూపించే ఈ విద్య వచ్చాక పడగొట్టేవాళ్ళకు చెయ్యి వణకడం మానేసింది. తలపుశాలలో ఉంటుందిలే అనే మాట ఒక్కటి చాలు, ఏ వీధి మీదికైనా యంత్రాలు వచ్చేస్తాయి.

సికింద్రాబాద్‌లో ఇంజన్‌షెడ్ మైదానం అలాగే పోయింది. దాని స్థానంలో ఎగిరే బళ్ళు దిగే ఆకాశరేవు కట్టారు. షెడ్ స్టార్స్ ఫుట్‌బాల్ జట్టు ఊరి చివర అద్దాల స్టేడియానికి తరలిపోయింది. పాత అభిమానులు అక్కడికి ఒకసారి వెళ్ళి, ఆసుపత్రిలా ఉందని తిరిగి వచ్చేశారు. వాళ్ళ ప్రాణమంతా పాత మైదానంలోనే. తుప్పు రేకుల కప్పు, కూర్చుంటే ప్యాంటుకు అంటుకునే ఆకుపచ్చ బెంచీలు, వానపడితే ఒక గోల్ ముందు మాత్రమే నిలిచే బురద, ఆట విరామంలో మిరపకాయ బజ్జీల కోసం తోపులాట. రుత్విక్, ఆయన మిత్రులు ఈ మాటలతోనే ఏళ్ళు గడిపారు.

ఆ మాటల్లో ఓడిన రోజు పులుసు ఒకటి. జట్టు ఓడిన సాయంత్రం మైదానం వెనక గల్లీలో ప్రతి ఇంటా గుడ్ల పులుసు ఉడుకుతూ ఉండేది. గెలిస్తే పప్పో చారో, ఏదైనా సరే. ఓడితే మాత్రం గుడ్ల పులుసే. మా ఆడవాళ్ళు ఆట చూడకపోయినా మా దుఃఖం పంచుకున్నారని మగవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ చెప్పుకునేవారు. తలపుశాల క్యాంటీన్‌లో దాన్ని ఆ పేరుతోనే అమ్ముతున్నారు.

నెల కిందట ఓజస్వి ఒక చిక్కుతో ఇంటికి వచ్చింది. ఆమె తలపుశాలలో కూర్పరి. మైదానం అంతా కుదిరింది కానీ జనం హోరు కుదరలేదు. వేలమంది జ్ఞాపకాలు కలిపినా చప్పుడు పల్చగా, డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు వచ్చింది. కారణం వెతికితే తేలింది ఇంతే. లోపల ఉన్న ప్రతివాడికీ తన గొంతు ఒక్కటే గుర్తుంది. అరిచేవాడు మైదానం హోరు వినలేదు.

"మొత్తం విన్నది మీ ఆడోళ్ళే అమ్మా. వంటింట్ల ఉండి," అంది ఓజస్వి.

హాసిని వెంటనే ఒప్పుకోలేదు. మైదానం బయట ఉన్నవాళ్ళ దగ్గర చప్పుడు మాత్రమే తీసుకుంటామనీ, బొమ్మలూ మొహాలూ తీసుకోమనీ కూతురు నచ్చజెప్పింది. చప్పుడు విన్నప్పుడు ఒంట్లో కలిగింది మాత్రం చప్పుడుతో పాటే వస్తుందట. దాన్ని విడదీయడం ఇంకా ఎవరికీ చేతకాలేదు, పులుసులో కరిగిన ఉప్పులాంటిదే అది. ఆ మాటను హాసిని మరోసారి చెప్పించుకుంది. తర్వాత, కూతురు అడిగింది కదా అని వెళ్ళింది. పాత గల్లీలో గోడవతల ఉండే నౌషీన్ కూడా వచ్చింది.

తలపుశాల కుర్చీలో పట్టీ కట్టుకుని, వెనక్కి వాలి కళ్ళు మూసుకోగానే వంటిల్లు వచ్చింది. మనవాళ్ళు గోల్ కొడితే హోరు పైకి లేచి గల్లీ మీద వానలా కురిసేది. అవతలివాళ్ళు కొడితే లేచిన హోరు సగంలో తెగేది. తెగిన తర్వాత వచ్చే మూలుగు కోసం గల్లీలో ఆడవాళ్ళందరూ గరిట పట్టుకుని ఆగిపోయేవారు. చివరి మూలుగు పొడుగ్గా సాగిందంటే ఓడినట్టు. నౌషీన్ గోడ మీద గాజులతో తట్టేది. పిల్లల్ని క్యారమ్స్ ఆడుకోమని చివరింటి టీచరమ్మ దగ్గరికి పంపేవారు. రోకలి, అప్పడాల కర్ర మంచం కిందికి పోయేవి. గబగబా గుడ్లు పొయ్యెక్కేవి. కంచంలో ఇష్టమైనది కనిపిస్తే ఒక్కోసారి ఆ రాత్రి అంతటితో గడిచిపోయేది. పులుసు పుట్టింది అలా.

హోరు ఆగగానే ఆపెయ్యమంది హాసిని. ఓజస్వి ఆపేసింది.

గుడ్ల గొడవ జరిగిన రోజు సాయంత్రమే కొత్త హోరుతో మొదటి ఆట. గోవా జట్టు చేతిలో చివరి నిమిషంలో పోగొట్టుకున్న ఫైనల్‌ను ఎంచుకున్నారు. చప్పుడు ఇచ్చిన ఆడవాళ్ళను పిలిచి వెనక వరసలో కూర్చోబెట్టారు. హాసిని పట్టీ కట్టుకోలేదు. ముందు వరసల్లో ముసలివాళ్ళు కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతూ, గాలిలో చేతులు ఊపుతూ ఉంటే చూస్తూ కూర్చుంది. బయటినుంచి చూసేవాళ్ళకు ఆ గదిలో చప్పుడే లేదు.

ఉన్నట్టుండి అందరి చేతులూ ఆగాయి. ఒకాయన పొట్ట పట్టుకున్నాడు. ఇంకొకాయన కాళ్ళు దగ్గరికి ముడుచుకున్నాడు. రుత్విక్ భుజాలు చెవులదాకా లేచాయి. ఆయన ఎడమ చెయ్యి మెల్లగా పైకి వచ్చి, అరచెయ్యి బయటికి తిప్పి, ఎడమ చెంపకు అడ్డంగా నిలిచింది.

ఆ చెయ్యిని హాసిని గుర్తుపట్టింది. అది తన చెయ్యి.

పట్టీ విప్పిన రుత్విక్ మొహం మీద చెమట పట్టి ఉంది. ఒక్క క్షణం చుట్టూ చూసి పెద్దగా నవ్వాడు. అందరూ నవ్వారు. ఒకరి వీపు ఒకరు చరుచుకున్నారు. ఇన్నేళ్ళకు మైదానానికి ప్రాణం వచ్చిందన్నారు. ఆట మీద ప్రేమంటే ఇలా కడుపులో చెయ్యి పెట్టి తిప్పాలన్నారు. నౌషీన్ హాసిని వైపు చూసింది.

ఇంటికి వచ్చాక హాసిని పులుసు వేడి చేస్తుంటే ఓజస్వి వంటింట్లోకి వచ్చి గట్టుకు ఆనుకుని నిలబడింది. తండ్రి హాల్లో ఎవరికో ఫోన్లో ఆట వర్ణిస్తున్నాడు. ఓజస్వి తన పని గురించి చెబుతున్నట్టే చెప్పింది.

"నువ్విచ్చిన హోరు కూర్చినప్పుడు ఒకటి కనవడ్డది అమ్మా. ఆ ఫైనల్ దాకా చప్పుడు రెండు దిక్కులా ఉంది. దాని తర్వాత ఆటల్ల ఎడమ దిక్కు అస్సలు లేదు."

హాసిని గరిట తిప్పుతూనే ఉంది.

"చెవి చీము పట్టి పోయిందని చెప్పినవ్ నాకు."

"అప్పుడు నువ్వు చిన్నదానివి."

"ఆ రోజు నేను టీచరమ్మ ఇంట్ల క్యారమ్స్ ఆడుతున్న," అంది ఓజస్వి. ఆ హోరు తీసెయ్యమంటే మొత్తం కూర్పు చెరిపేస్తాననీ, ఉద్యోగం పోతే పోనిమ్మనీ అంది. హాసిని తల అడ్డంగా ఊపి, కంచాలు పెట్టమంది.

రుత్విక్ వచ్చి కూర్చున్నాడు. గాట్లు పెట్టిన గుడ్లను చూసి తృప్తిగా తల ఊపాడు. మొదటి ముద్ద దిగకముందే మళ్ళీ ఆట మొదలుపెట్టాడు. ఆ చివరి నిమిషంలో తనకు కాళ్ళు చల్లబడ్డాయట. ఏదో మీదికి వస్తున్నట్టు, ఎటూ పోవడానికి లేనట్టు అనిపించిందట. పాతరోజుల్లో లోపల కూర్చున్నప్పుడు కూడా అంత గట్టిగా తగల్లేదట.

"ఏం కిక్కనుకున్నవ్. అందరం చెప్పినం నిర్వాహకులకు. గెలిచిన ఆటలు వద్దు, ఓడినవే పెట్టుండ్రని. వచ్చే వారంనుంచి వరసగా ఓడినవే."

ఓజస్వి కంచంలో చెయ్యి పెట్టలేదు. హాసిని ఆయన కంచంలో మరో గుడ్డు వేసింది. గిన్నె కింద పెట్టి, చెయ్యి కొంగుకు తుడుచుకుని కూర్చుంది.

"నేను ఇచ్చింది సగమే," అంది.

"ఏంది సగం?"

"హోరు ఆగేదాక ఇచ్చిన. తర్వాతది ఇయ్యలే."

"ఆట అయిపోయినంక ఇంకేముంటది?"

"మీరు ఇంటికొస్తరు."

రుత్విక్ నమలడం ఆపాడు. ఓజస్వి తల ఎత్తింది.

"రేపు పొద్దున పోయి అది గూడ ఇచ్చొస్తా," అంది హాసిని. ఆమె గొంతు పెరగలేదు. "తలుపు తీసిన చప్పుడు గూడ చప్పుడే కదా. నౌషీన్‌ను గూడ తీస్కపోత. మీ దోస్తులందరినీ రమ్మనుండ్రి."

"నేనే కూరుస్తా అమ్మా," అంది ఓజస్వి.

రుత్విక్ ఏదో అన్నాడు. మళ్ళీ ఇంకేదో అన్నాడు. ఆయన ఆమెకు ఎడమవైపు కూర్చుని ఉన్నాడు. హాసిని తల తిప్పకుండా అన్నం కలుపుకుంది.