జెముడు పెరట్లో వచ్చేది

పొద్దుగూకితే ఆ పెరటి వైపు ఎవరూ తలెత్తి చూడరు. పెద్ద టైలరమ్మ బతికున్న రోజుల నుంచీ దానికా చెడ్డపేరు. ఏడాదికొక రాత్రి ఆవిడ గోడ మీంచి తల పెట్టి, "వస్తుంది... ఇవాళ వస్తుంది" అని గొణిగేదట. వీధి వీధంతా తలుపులు బిగించుకునేది. నడిరేయి ముసలి బ్రహ్మజెముడు మీద తెల్లటి ముఖమొకటి వేలాడేదట... మత్తు మత్తుగా వాసన. తెల్లారితే ఏమీ ఉండదు.

ఆవిడ పోయింది. ముఖం మాత్రం పోలేదంటారు.

పక్కింటి కోడలు ఈ మాటలకి మూతి తిప్పేది. ఆమె నోటికి జడిసి వీధి పెట్టిన పేరు కత్తెర. ఆమెకి కుట్టుపని నేర్పింది ఆ పెద్ద టైలరమ్మే. "ముఖమేంటే నా ముఖం, అది పువ్వు. ఒక్క రాత్రే ఉంటుంది. ఏటా పిలుస్తాను, ఒక్క పురుగు రాదు" అని ఆవిడ ఏడ్చినంత పని చేసేది. కత్తెర వెళ్దామంటే, అత్తగారు సరిగ్గా ఆ రాత్రే తలుపుకి తాళమేసి తాళంచెవి బొడ్లో దోపుకునేది.

ఇప్పుడా ఇల్లు అమ్ముడైంది. "దెయ్యం చెట్టు కింద కాపురమా? తెల్లారగానే కొట్టించేస్తా" అన్నాడు కొన్నాయన.

"అది పువ్వండీ బాబూ."

"చూసినవాళ్ళెవరమ్మా?"

ఒక్కరూ లేరు. ఒక్క సాక్షి దొరికితే చెట్టు బతుకుతుంది.

ఆ రాత్రి కత్తెర తాళంకప్పని ముందే దాచేసి, మెడలో టేపు వేసుకుని గౌను అంచు మడిచి గుండుసూదులు గుచ్చుతోంది. గుప్పున వాసన... ఉన్న పళాన గోడ దూకింది.

చీకట్లో తెల్లగా ఏదో కదిలింది — రేకు వెనక రేకు, ఎవరో లోపల్నుంచి తోస్తున్నట్టు. చూస్తుండగానే పళ్ళెమంత అయింది.

కత్తెర వీధిలోకి పరిగెత్తింది. "రండి... పూస్తోంది... పూస్తోంది..."

ఎదురింటి కిటికీ ఠక్కున మూసుకుంది. మేస్త్రీ ఇంట్లో దీపం ఆరింది. సొంతింటికే వచ్చి తలుపు తోసింది. లోపల గడియ.

"అత్తయ్యా, నేనే. పూస్తోంది, రండి."

లోపల అత్తగారు వణుకుతూ కొడుకుని ఆపింది. "ఒరేయ్, లేవకు. పెద్ద టైలరమ్మ. వస్తోందంటోంది..."

"వస్తోంది కాదు, పూ—"

పెదవికి ఏదో చురుక్కుమంది. వేలు పెట్టి చూసుకుంది.

గుండుసూదులు. పెదాల మధ్య కరిచిపట్టినవి పట్టినట్టే ఉన్నాయి. పెదాలు కలవందే 'పూ' ఎలా పలుకుతుంది?

పెద్ద టైలరమ్మ నోట్లోనూ ఎప్పుడూ సూదులే. పువ్వు చూడమని పిలిచిన పాపానికే ఆవిడని దెయ్యాన్ని చేశారు.

సూదులు ఉమ్మేసి స్పష్టంగా అరిచింది. "పూస్తోంది, అత్తయ్యా."

"గొంతు మార్చిందిరా" అంది అత్తగారు.

తెల్లారేసరికి పువ్వు పిండిన గుడ్డలా వేలాడింది. కొన్నాయన గొడ్డలివాణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. వీధంతా అప్పటికే అక్కడుంది.

"దెయ్యాన్ని నా కళ్ళారా చూశా. మెడలో టేపు కూడా ఉంది" అన్నాడు మేస్త్రీ.

గొడ్డలివాడు వచ్చిన దారే పట్టాడు. చెట్టు బతికింది. కత్తెర పళ్ళు నూరింది. "పువ్వు చూడమంటే ఒక్కరికి కాళ్ళు లేవు. దెయ్యానికి మాత్రం వీధంతా సాక్షులే. ఆ తిరిగింది నేను, నేనొక్కదాన్నే."

"ఒక్కదానివా?" ఎదురింటావిడ గొంతు తగ్గించింది. "కిటికీ మూస్తూ చూశాను... ఇద్దరు. ఇద్దరి మెడల్లోనూ టేపులే."

కత్తెర తన మెడలో టేపు తడుముకుని జెముడు వైపు తిరిగింది.