గోడ మీద టోపీ

రాయమల్లు నైట్ షిఫ్ట్ దిగి వచ్చేసరికి కోడలు రేవతి వాకిలి ఊడ్చి, పాపను భుజాన వేసుకుని నిలబడి ఉంది. ఆయన స్నానం చేసి, నాలుగు ముద్దలు తిని, పని టోపీని గేటు పక్క గోడ మీద పెట్టి లోపలి గదిలోకి పోయాడు. బెల్లంపల్లిలో వాళ్ళ వరుస క్వార్టర్లన్నిటికీ ఆ టోపీ అర్థం తెలుసు. బొగ్గు బాయికి పోయే మనిషి పడుకున్నాడు, సప్పుడు చేయొద్దు అని. కూరగాయల రామవ్వ కూడా అక్కడ కేక దిగమింగుకుని బండి దాటించేది.

ఇంట్లోనూ అంతే. కుక్కర్ పెట్టరు, అన్నం గంజి వంచే వండుతారు. టీవీలో బొమ్మ ఆడుతుంది, మాట వినపడదు. ఫోన్లన్నీ బంద్. కాపురానికి వచ్చిన కొత్తలో రేవతి నేర్చుకున్న మొదటి పని అదే. బాయిలో పనిచేసేటోడికి కునుకు వస్తే ఏమవుతుందో అత్త రాజక్క ఒక్కసారే చెప్పింది. మళ్ళీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఆ రోజు ఆడబిడ్డ నిఖితకు పెద్ద రోజు. కొత్తగా పెట్టిన ఆడపిల్లల బేస్‌బాల్ లీగ్ కోసం జట్లవాళ్ళు హైదరాబాద్‌లో కూర్చుని, ఊళ్ళలో ఆడే పిల్లల్లోంచి ఒక్కొక్కరినే వంతులవారీగా పేరు పెట్టి పిలుచుకుంటారు. మొదట్లో రాజక్క, నా బిడ్డను వేలంల పెడ్తరా అని గొడవ చేసింది. అక్కడ వేలంపాట పాడేవాళ్ళు ఎవరూ లేరని, జట్టు వంతు వచ్చినప్పుడు నచ్చిన పిల్లను కోరుకోవడమేనని పీఈటీ కరుణాకర్ సార్ ఇంటికి వచ్చి నచ్చజెప్పాడు. పేరు పిలిచే ముందు జట్టువాళ్ళు ఇంటికి ఫోన్ చేసి పంపుతారా అని అడుగుతారట. ఎప్పుడూ ఇంట్లో ఉండేది రేవతే కాబట్టి ఆమె నంబరే ఇచ్చారు.

నిఖిత పొద్దున్నే బడికి పోయింది, సార్ ఫోన్లో చూద్దామని. రేవతి భర్త రాజేశం మంచిర్యాలలో దుకాణానికి వెళ్ళిపోయాడు. పాపకు పళ్ళు వస్తున్నాయి, రాత్రంతా ఏడుపే. మామ తలుపు వేసుకున్నాక పాప కూడా కళ్ళు మూసింది. రేవతి చేయి దానంతటదే గూట్లోకి పోయి ఫోన్ ఆర్పేసింది.

నిఖిత తిరిగి వచ్చేసరికి రేవతి బట్టలు మడతపెడుతోంది. ఆ పిల్ల ముఖం చూసి లేచి నిలబడింది.

"ఫోన్ ఎందుకు బంద్ పెట్టినవ్ వదినె?" గుసగుసగానే అడిగింది నిఖిత.

రేవతి గూట్లోని ఫోన్ వైపు చూసింది. "మామ పండుకున్నడని... అలవాటుల పడి..."

పుణె జట్టు వంతు వచ్చిందని, తన పేరే అనుకున్నారని, ఫోన్ కలవకపోయేసరికి ఇంటోళ్ళకు ఇష్టం లేదనుకుని ఇంకో పిల్లను తీసుకున్నారని నిఖిత చెప్పింది. అంత కోపంలోనూ గొంతు పెంచలేదు. వంటింట్లోంచి రాజక్క గరిటెతో మెల్లగా, మెల్లగా అని సైగ చేస్తూనే ఉంది.

"నేను పోతే పాపను ఎవలు పట్టుకుంటరని నీ ఫికర్. నాకు తెల్వదా?"

రేవతి కావాలని చేయలేదు, నిజమే. కానీ ఈ పిల్ల లేని ఇల్లు తలుచుకుని ఎన్నోసార్లు భయపడింది కూడా.

"తొమ్మిదో క్లాసుల నిన్ను బడి మాన్పిచ్చిండ్రని, గిప్పుడు నన్ను ఆపుతున్నవ్."

ఆ మాట గట్టిగానే వచ్చేసింది. పాప ఉలిక్కిపడి ఏడ్చింది. లోపలి తలుపు తెరుచుకుంది.

రాజక్క గాభరాగా, నువ్వు పోయి పండుకో అంది. రాయమల్లు కదల్లేదు. "లొల్లి పెట్టుకుంటే నిద్ర పట్టేదేమో. గీ గుసగుసలకే లేచి కూసున్న." తరవాత కూతురి వైపు చూశాడు. "మీ వదినెను ఏమనకు బిడ్డా. నేను దినాం బాయిలకెళ్ళి మంచిగ తిరిగొస్తున్ననంటే గీ ఇల్లు నన్ను పండుకోనిచ్చినందుకే. దగ్గొస్తే నోట్ల కొంగు పెట్టుకొని పాపకు పాలిస్తది. గోడ అవుతల నేను వింటనే ఉంట. సల్లగుండు బిడ్డా అని ఒక్కనాడు అనలే. గది నా తప్పు."

రేవతి తల వంచుకుంది. ఆయన తన గురించి అంత మాట్లాడటం అదే మొదలు.

అప్పుడే గేటు దగ్గర కరుణాకర్ సార్ బండి ఆగింది. పుణె జట్టుకు ఇంకా ఆఖరి వంతు మిగిలి ఉందని, ఇంటివాళ్ళు ఒప్పుకుంటారని తాను చెప్పానని, మళ్ళీ ఫోన్ చేస్తారని చెప్పాడు. రేవతి ఫోన్ వెలిగించింది. కొద్దిసేపటికే మోగింది. మామకు అందించబోయింది.

"నీ నంబరు. నువ్వే చెప్పాలె," అన్నాడు రాయమల్లు.

సీజన్ అయ్యేదాకా నిఖితను పంపడానికి ఇంట్లో అందరికీ సమ్మతమేనా అని అవతల ఒకామె అడిగింది. రేవతి నిఖిత వైపు చూసింది. కోపం తగ్గకుండానే ఆ పిల్ల పాపను ఎత్తుకుంది. పాప నిఖిత చేతిలోని బంతిని నోటికి ఆనించుకుని ఊరుకుంది. ఈ పిల్ల పోతే పాపకు ఈ చంక ఉండదు.

"పంపుతం మేడం," అంది రేవతి. "పొద్దుగాల ఫోన్ బంద్ పెట్టింది నేనే, పిల్ల తప్పేం లేదు. పెరుగు లేకుంటే అన్నం తినది. జర చూసుకోండ్రి."

అందరూ సార్ ఫోన్ చుట్టూ చేరారు. పుణె వంతు మళ్ళీ వచ్చింది. బంతి విసిరే అమ్మాయి, నిఖిత, బెల్లంపల్లి అని పిలిచారు. కేక వేయడం ఆ ఇల్లు ఎప్పుడో మరిచిపోయింది. రాయమల్లే ముందు తేరుకుని భార్యతో అన్నాడు, "గా కుక్కర్ పెట్టు. ఎన్ని విజిల్స్ అస్తె అన్ని రానియ్."

అన్నాలయ్యాక నిఖిత వచ్చి వదినె పక్కన కూర్చుంది. "గా మాట అనకుండ ఉండాల్సింది."

"సగం నిజమే గదనే. భయమైంది. గిప్పుడు గూడ అయితంది," అంది రేవతి. ఇద్దరికీ నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

గోడకు ఆనుకున్న రేవతికి ఎప్పుడు నిద్ర పట్టిందో తెలియదు. లేచేసరికి ఎండ దిగిపోతోంది. పక్కలో పాప లేదు. ఇల్లంతా నిశ్శబ్దం. అయ్యో, మామ పడుకున్నట్టున్నాడు, పాప ఏడుస్తుందేమోనని గబగబా లేచింది.

వంటింట్లో రాజక్క సప్పుడు కాకుండా గంజి వంచుతోంది. మెట్ల మీద నిఖిత పాపను ఒళ్ళో పెట్టుకుని, నోటి దగ్గర వేలు పెట్టి ఊరుకోమంటోంది. గూట్లో రేవతి ఫోన్ ఆర్పేసి ఉంది. గేటు దగ్గర కుర్చీలో రాయమల్లు నిక్షేపంగా మేలుకుని కూర్చుని, సాయంత్రం బేరానికి వచ్చిన రామవ్వను కేక వేయొద్దని చేత్తో వారిస్తున్నాడు.

గోడ మీద టోపీ ఉంది.

"ఎందుకు లేచినవ్ బిడ్డా?" గుసగుసగా అన్నాడాయన. "ఇంకింతసేపు పండుకో."

రేవతి లోపలికి వచ్చి అదే గోడకు ఆనుకుంది. ఏడుపు బయటికి వినపడకుండా అలవాటుగా కొంగు నోటికి పెట్టుకోబోయి, ఆగి, తీసేసింది.