వెయ్యి కిలోమీటర్లకు రమ్మంది

"మీ బాపు లేడా?"

షెడ్డులోకి వస్తూనే మల్లేశ్ అడిగిన మొదటి మాట అది. తప్పు మాట.

ట్రాక్టరు కింది నుంచి ముందు రెండు కాళ్లు, తర్వాత జడ, చివరికి గ్రీజు అంటిన ముఖం బయటికి వచ్చాయి.

"నల్గొండ పోయిండు. ఇంజిన్‌కు రోగమొస్తే బాపులే చూడాలని రాసుందా అన్నా?"

ఆ పిల్ల నాగరాణి. ఐటీఐ చదివి, దేవరకొండలో తండ్రి రఘుపతి షెడ్డులో రెండేళ్లుగా పనిచేస్తోంది. నోరు మాత్రం పుట్టినప్పటి నుంచీ పనిచేస్తోంది.

మల్లేశ్ తన పికప్‌ను తాడు కట్టి లాక్కొచ్చాడు. తెల్లపొగ కక్కి దారిలో ఆగిపోయింది. కోపం మీదున్నవాడికి తీర్పు తొందరగా దొరుకుతుంది.

"ఇంజినే మార్చెయ్. హైదరాబాద్‌ల సెకండ్ హ్యాండ్‌ది చూసిన. మూడు దినాలల్ల బండి కావాలె. మా గొర్ల మంద కృష్ణా నది ఒడ్డు నుంచి వాపస్ వస్తాంది. నలభై గొర్రెపిల్లలు మొన్నమొన్న పుట్టినయి. నడిపిస్తే చస్తయి."

"విప్పినంక చెప్త."

మర్నాడు విప్పి చెప్పింది. "బ్లాక్ పగలలే. పిస్టన్లు, లైనర్లు పోయినయి. బాగు చేస్తే పది దినాలు పడ్తది, పదేండ్లు నడుస్తది. మార్చకు."

"పని ఎక్కువుంటే కూలి ఎక్కువ. గందుకేనా మార్చొద్దంటున్నవ్?"

నాగరాణి రేడియేటర్ గొట్టం విప్పి, లోపలి తెల్లటి పెచ్చు గీకి అతని అరచేతిలో పెట్టింది.

"నాలుక మీద పెట్టుకో."

పెట్టుకున్నాడు. ఉప్పు.

బండి వెనక రెండు నీలం క్యాన్లు ఉంటాయి. ఒకదానిలో మంచినీళ్లు. రెండోదానిలో గొర్రెలకు తాపే ఉప్పు నీళ్లు. ఎండాకాలమంతా చేతికి అందిన క్యానే రేడియేటర్లో పోశాడు.

"ఇంజిన్ మారిస్తే మాత్రం, పోసే చెయ్యి గదే గద!" అంది నాగరాణి.

మల్లేశ్‌కు కోపం రావాలి. ఆమె నవ్వుతోంది, అందుకని రాలేదు.

"సరే, బాగే చెయ్. మరి పిల్లలు?"

"మా ట్రాలీ ఆటో ఉంది. రేపు పోదాం. నేనే నడుపుత. నీ చేతికిస్తే దానికి గూడ ఉప్పు తాపుతవ్."

రెండు ట్రిప్పులు కొట్టారు. రెండోసారి వాన పట్టుకుంది. వెనక టార్పాలిన్ కింద పందొమ్మిది పిల్లలు, ముందు ఇరుకు సీటులో మల్లేశ్ ఒళ్లో ఒకటి. అది మెడ చాచి నాగరాణి మోచెయ్యి నాకింది.

"జర దాన్ని పట్టుకో! స్టీరింగ్ జారుతాంది."

"చెమట గద. ఉప్పగుంటది, దానికి ఇష్టం."

"మీ ఇంటిల్లిపాదికీ ఉప్పు పిచ్చేనా?"

వాన ఇద్దరి మీదా సమానంగానే పడింది. వణికింది మాత్రం మల్లేశే.

తర్వాత పది రోజులూ షెడ్డుకు వచ్చాడు. పని చూడటానికని చెప్పాడు.

"గొర్లను ఎవరు కాస్తున్నరు?" అడిగాడు రఘుపతి.

"మా బాపు."

"మరి నువ్వేం కాస్తున్నవ్?"

మల్లేశ్ చటుక్కున ఒక పానా తీసి నాగరాణికి అందించాడు. నాగరాణి ఆ అబ్బాయిని 'అన్నా' అనడం మానేసి ఎన్నాళ్లయిందో ఆ షెడ్డులో రఘుపతి ఒక్కడికే తెలుసు.

పదకొండో రోజు ఇంజిన్ పలికింది.

"స్పీడు నలభై దాటకు," అంది నాగరాణి. "వెయ్యి కిలోమీటర్లు తిరిగినంక రా. ఆయిల్ మారుస్త."

"వెయ్యి అంటే రెండు నెలలైతది!"

"అయితే రెండు నెలలకు రా."

ఐదో రోజే పికప్ షెడ్డు ముందు ఆగింది. మీటర్ చూసి నాగరాణి కళ్లు పెద్దవి చేసింది.

"వెయ్యి ఇరవై! ఏం మోసినవ్?"

"ఏం లే. ఖాళీ బండే."

"ఖాళీగ ఏడ తిరిగినవ్?"

"కోస్గి పోయిన. వాపస్ వచ్చిన. మూడుసార్లు. నలభై దాటలే, ఒట్టు."

"కోస్గిల ఏముంది?"

"చాయ్ తాగిన."

నాగరాణి చేతిలోంచి పానా జారి కింద పడింది. అంత నవ్వు. "ఆయిల్ కోసం ఇంత తిరుగుడా?"

"ఆయిల్ ఎవనికి కావాలె, నాగరాణీ? రెండు నెలలు ఆగుడు నాతోని కాలే."

నవ్వు ఆగింది. ఆమె చూపు తప్పించి బండి వెనక్కి నడిచింది. ఒక నీలం క్యాను మీద ఎర్ర రంగు గీత ఉంది.

"గిదేంది?"

"మా గొర్లకు వేసే గుర్తు. తప్పిపోతే ఎవరైనా గుర్తు చూసి మా మందకే తోలుకొస్తరు. ఉప్పు క్యానుకు గూడ వేసిన."

నాగరాణి ఆ గీతను చూసింది. గ్రీజు బొటనవేలు ఎత్తి, అతని చొక్కా మీద, గుండె దగ్గర, గట్టిగా అద్దింది.

"ఏయ్! కొత్త అంగి!"

"గుర్తు వేసిన. తప్పిపోతే గీ షెడ్డుకే తోలుకొస్తరు."

లోపలి నుంచి రఘుపతి గొంతు వినిపించింది. "గుర్తు పడ్డంక ఇంకేముంది? ఆదివారం మీ బాపును తోలుకరా పిలగా."

ఆదివారం ఈరోజే అయినట్టు మల్లేశ్ ఎగిరి బండెక్కి తాళం తిప్పాడు.

"ఆగు, ఆయిల్ మార్చలే!" అరిచింది నాగరాణి.