గోడ అవతలి డ్రమ్ము

సంగీతశాల సౌండ్ ఇంజనీరు మధ్యాహ్నం తన కుర్చీలోనే శవమై దొరికాడు. ప్రాణం పోయేముందు సీక్రెట్ సర్వీస్‌కి ఫోన్లో ఒక్క ముక్క చెప్పగలిగాడు: "స్టేజీ కింద బాంబు. కిక్ వింటే పేలుతుంది."

చీఫ్ వెంటనే దిగులమ్మని పిలిపించాడు. అది ఆఫీసువాళ్లు పెట్టిన పేరు. గ్యాస్ కట్టేశానో లేదోనని సగం దారిలోంచి ఇంటికి పరిగెత్తే గూఢచారి ఆ సర్వీసు మొత్తంలో ఆవిడొక్కతే.

"బాంబుకి మైకు ఉంది," అన్నాడు చీఫ్. "డ్రమ్ములో అన్నిటికన్నా లోతుగా 'డుబ్' మనే దెబ్బే కిక్. అది వినబడితే చాలు. సాయంత్రం హాల్లో రెండు దేశాల రాయబారులుంటారు."

"షో ఆపించండి సార్."

"ఆపితే శత్రువుల ఏజెంట్ రిమోట్ నొక్కుతాడు. లోపలే ఉంటాడు, ఎవరో తెలీదు. బాంబులు విప్పే మన కత్తెర స్టేజీ కిందికి దూరాడు. వాడు వైరు తెంచేదాకా షో నడవాలి, కిక్ మాత్రం వినపడకూడదు."

"ఆ డ్రమ్ము వాయించేదెవరు సార్?"

చీఫ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మీ అమ్మాయి. తనకి చెప్పకండి. భయపడి ఆగిపోయిందంటే అందరూ పోతారు."

దిగులమ్మకి ఇన్నేళ్లూ ఊరికే భయపడినవన్నీ ఒక్కసారిగా నిజమైనట్టు అనిపించింది.

ఈసారి మారువేషం అక్కర్లేకపోయింది. చెవిలో బఠాణీ గింజంత ఇయర్‌పీస్, చేతిలో మంచినీళ్ల సీసా, స్వెట్టరు, పర్సు నిండా పిన్నీసులు. కూతురి లెక్కలో అమ్మ బీమా ఆఫీసులో గుమాస్తా.

తెర వెనక ముత్యాలావిడ ఎదురొచ్చింది. పేరున్న గాయని, రహస్యంగా మన ఏజెంటు. మెడనిండా ముత్యాలు, భుజానికి బ్రూచ్‌తో బిగించిన పొడవాటి శాలువా.

"గాలి మారింది," అంది కోడ్ మాట.

"స్వెట్టరు తెచ్చాను," అంది దిగులమ్మ జవాబుగా.

"వణక్కండి అక్కా. మీ అమ్మాయి డ్రమ్ములు మోగించే మెషీన్ మీద చప్పుళ్లని వడకట్టే ఫిల్టర్ నాబ్ ఉంది. స్విచ్ లో-పాస్‌లో పెట్టి, నాబ్ ఎడమకి తిప్పేయండి. డ్రమ్ము మెత్తబడుతుంది. బాంబుకి అందదు."

మెత్తబడుతుంది. ఆ మాటకి దిగులమ్మ ప్రాణం కాస్త కుదుటపడింది.

తెరని ఆనుకునే కూతురి మెషీన్ ఉంది. స్పీకర్లు ఇంకా తెరవలేదు, చప్పుడంతా హెడ్‌ఫోన్స్‌లోనే.

"మళ్లీ స్వెట్టరా అమ్మా?"

"ఏసీ ఎక్కువగా ఉందే. ఏదీ, నీ డ్రమ్ము ఓసారి విననీ."

"నువ్వా? ఒంట్లో బానే ఉందా?" కూతురు నవ్వి హెడ్‌ఫోన్స్ తల్లి చెవులకి తగిలించింది.

దిగులమ్మ స్విచ్ లో-పాస్‌కి నెట్టి నాబ్ ఎడమకి తిప్పింది. ముందు గలగలలాడే తాళాలు మాయమయ్యాయి. తర్వాత చిటపటలాడే స్నేర్ డ్రమ్ము పోయింది. ఇక మిగిలింది డుబ్. డుబ్. డుబ్.

ఈ చప్పుడు తనకి కొత్తా? రోజూ కూతురి గదిలోంచి వంటింట్లోకి వచ్చేది ఇదే. గోడ గలగలలన్నీ మింగేసి దీన్నొక్కదాన్నే ఇవతలికి వదిలేది. "ఆపవే, గుండెదడ" అని ఆ గోడ ఎన్నిసార్లు తట్టిందో. ఈ ఫిల్టరూ అలాంటి గోడే. మెత్తబడిన మాట నిజమే, కానీ బాంబు కాచుకున్నది మాత్రం చెక్కుచెదరలేదు.

పాటే బతుకుగా ఉన్న మనిషికి ఇది తెలియదా?

దిగులమ్మ తిరిగి చూసింది. ముత్యాలావిడ కళ్లు స్టేజీ మీద లేవు. బయటికి పోయే తలుపు మీద ఉన్నాయి.

"శాలువా జారుతోందమ్మా," అంటూ దగ్గరికి వెళ్లి సర్దింది దిగులమ్మ. సర్దుతూ సర్దుతూ పర్సులోని పిన్నీసులన్నిటితో దాని కొనని బరువైన తెరకి గుచ్చేసింది.

దీపాలు వెలిగాయి. స్పీకర్లు బుస్సుమన్నాయి.

"అమ్మలూ, ఆ కిక్ తీసెయ్యవే."

"కిక్ తీసేస్తే ఇంకేం మిగులుతుందమ్మా?"

"గుండెదడగా ఉందే."

"నీకెప్పుడు లేదు గనక? వెళ్లి కూర్చో."

చెవిలో కత్తెర గుసగుస: "ఇంకొక్క వైరు."

కూతురి వేలు లేచింది. దిగులమ్మ చెయ్యి చాపి స్విచ్‌ని రెండో వైపుకి, లోతు చప్పుళ్లని కోసేసే హై-పాస్‌కి నెట్టింది. నాబ్ కుడికి, ఆగినంత దాకా తిప్పింది. వేలు పడింది.

టిక్.

గ్లాసు మీద చెంచా తగిలినట్టు, అంతే. టిక్. టిక్. ముత్యాలావిడ అదిరిపడి సంచిలోంచి రిమోట్ లాగింది. తలుపు వైపు ఒక అడుగు వేసిందో లేదో, తెరకి గుచ్చిన శాలువా వెనక్కి గుంజి కింద పడేసింది. రిమోట్ జారిపోయింది. దానికి జానెడు దూరంలో ఆవిడ వేళ్లు గింజుకుంటున్నాయి.

కూతురు కోపంగా నాబ్ మీద చెయ్యి వేసింది. తల్లి ఆ చెయ్యి పట్టేసుకుంది.

"వదులమ్మా."

"చస్తే వదలను."

పడుచు చేతికి బలమెక్కువ. నాబ్ గిర్రున వెనక్కి తిరిగింది. సరిగ్గా అప్పుడే చెవిలో, "తెగింది."

డుబ్.

హాలంతా అదిరింది. దిగులమ్మ కళ్లు మూసుకుని స్వెట్టరుని గుండెకి అదుముకుంది. ఏమీ కాలేదు. తెర వెనక సీక్రెట్ సర్వీస్ మనుషులిద్దరు ముత్యాలావిడని లేపి తీసుకుపోయారు.

ఇంటికి నడుస్తున్నంతసేపూ కూతురు మూతి ముడుచుకునే ఉంది.

"రాయబారులకి ఆ టిక్కులే నచ్చాయట, నా ఖర్మ," అంది చివరికి. "ఇంకోసారి నా నాబ్ ముట్టుకున్నావంటే చూడు."

"ముట్టుకోనులేవే," అంది దిగులమ్మ. పది అడుగులు వేసి ఠక్కున ఆగిపోయింది. "అమ్మలూ, వచ్చేటప్పుడు గ్యాస్ కట్టేశానంటావా?"